కొత్త కంప్యూటర్‌లోకి కాపురం మార్చడం ఎలా

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వాళ్లు నీళ్లొదిలేశారు. మంగళగిరిలో నేను పనిచేసే చేనేత బట్టల కొట్టు కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే చిప్పు లేదు, కాబట్టి విండోస్ 11 ఎక్కదన్నారు. షావుకారు గారు వారం రోజులు నిట్టూర్చి కొత్తది కొన్నారు. దానికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మౌస్ కింద నిమ్మకాయ నలిపి, “ఇహ నీదే బాధ్యతోయ్, పాతదాంట్లో ఉన్నదంతా ఇందులోకి వచ్చేయాలి” అని భోజనానికి వెళ్లిపోయారు.

బాధ్యత అనే మాట చెవిన పడగానే మెడ నొప్పి మొదలయ్యే నాలాంటి వాళ్ల కోసమే ఈ చిట్కాలు. పదిహేనేళ్లుగా ఆ కుర్చీలో ఉన్నాను. నాలుగుసార్లు డేటా మార్చాను. నాలుగుసార్లూ ఏదో ఒకటి పోయింది. నా కుర్చీ మాత్రం పోలేదు. అనుభవం అంటే ఇదే కదా.

ముందు జబ్బు పేరు తెలుసుకోండి. ఫైలు కళ్లెదుట ఉంటుంది, తెరవబోతే “యాక్సెస్ డినైడ్” అంటుంది. ఫైలుకు పర్మిషన్ లేకపోవడం ఈ ప్రాంతం వాళ్లకు కొత్త కాదు. 2016లో సచివాలయమే హైదరాబాద్ నుంచి మన పక్కనున్న వెలగపూడికి కాపురం మార్చింది. ఫైలు ఊరు మారినంత మాత్రాన దాని మీద పెట్టాల్సిన సంతకం మారదు. కంప్యూటర్ ఫైలుకూ అదే జాతకం. దాని వెనక ఒక జాబితా ఉంటుంది: యజమాని ఎవరు, ఎవరు చదవచ్చు, ఎవరు దిద్దచ్చు అని. కొత్త ఇంటికి వెళ్లాక ఆ జాబితాలో ఉన్నవాళ్లెవరూ అక్కడ ఉండరు. గొడవంతా అక్కడే. దీన్ని ఎలా విషమింపజేయాలో ఇప్పుడు చూద్దాం.

1. నెల 19వ తేదీ సాయంత్రం ఆరు దాటాకే మొదలుపెట్టండి. జీఎస్టీ 3బీ రిటర్ను 20న వేయాలి. ముందే మొదలుపెడితే తీరిగ్గా ప్రశ్నలడిగేవాళ్లు తయారవుతారు. ఏది ఎక్కడుంది, ఏది ఎంత సైజు, ఎవరికి ఏ అనుమతి అని. 19 సాయంత్రం ఎవరూ ఏమీ అడగరు. “ఏదో ఒకటి చెయ్యవోయ్” అంటారు. డేటా మార్పిడిలో మీకు నిజంగా కావలసిన పర్మిషన్ ఈ ఒక్కటే. నలుగురి ఎదుటా అనిపించుకోండి.

2. బ్యాకప్ ఉందా అని ఎవరైనా అడిగితే రెప్ప వేయకుండా “ఉంది” అనండి. అబద్ధం ఆడమనడం లేదు. సీ డ్రైవులో ఉన్నదాన్ని డీ డ్రైవులో పడేసి ‘బ్యాకప్ ఫైనల్’ అని పేరు పెట్టండి. ఆ రెండూ ఒకే డిస్కుకు మధ్యలో గోడ కట్టి చేసిన రెండు గదులేననీ, డిస్కు పోతే రెండూ పోతాయనీ చదువుకున్న కుర్రాళ్లు నసుగుతారు. వంటింట్లో నిప్పంటుకుంటుందేమోనని పడగ్గదిలో నిద్రపోవడం మానేస్తామా? వచ్చే నెల ‘బ్యాకప్ ఫైనల్ 2’ చేయండి. ఆ పై నెల ‘బ్యాకప్ అసలు ఫైనల్’. మూడింట్లో ఏది కొత్తదో మీకే తెలియని రోజు వస్తుంది. ఆ రోజు నుంచి మీరు లేకుండా కొట్టు నడవదు.

3. ఫోల్డర్లు గాలిగోపురంలా కట్టండి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు మన ఊళ్లో 11 అంతస్తుల గోపురం ఎత్తించాడు. మీరు ‘న్యూ ఫోల్డర్’లో ‘న్యూ ఫోల్డర్ 2’, దాన్లో ‘షావుకారు గారు అడిగినవి’, దాన్లో ‘షావుకారు గారు మళ్లీ అడిగినవి’ అని 11 అంతస్తులు లేపలేరా? విండోస్‌లో ఫైలు చిరునామా మామూలుగా 260 అక్షరాలు దాటకూడదు. అది దాటగానే కాపీ మొరాయిస్తుంది. చిన్న పేర్లు పెట్టుకుంటే పోయేదే. కానీ చిన్న పేరు పెట్టడానికి ఆలోచించాలి, పెద్ద పేరు పెట్టడానికి అక్కర్లేదు.

4. డేటా మొత్తాన్ని పెన్‌డ్రైవులోనే మోయండి. ఎవరో పెళ్లిలో పంచిన పెన్‌డ్రైవు అయితే మరీ మంచిది. అది మామూలుగా ఫ్యాట్ 32 పద్ధతిలో ఉంటుంది. ఆ పద్ధతిలో యజమాని, అనుమతి అనే ఊసే లేదు. సత్రంలో దిగినవాళ్లను కులగోత్రాలు అడగరు చూడండి, అలా. మీ ఫైళ్లు పదేళ్లుగా మోస్తున్న అనుమతులన్నీ ఆ సత్రం గుమ్మం దగ్గరే రాలిపోతాయి. అటువైపు దిగేసరికి అందరూ అనామకులే. అనుమతులు కాపాడుకుంటూ తరలించే పద్ధతులు ఉన్నాయి, విండోస్‌లో రోబోకాపీ, లినక్స్‌లో ఆర్‌సింక్. వాటికి రెండు అక్షరాలు ఎక్కువ టైపు చేయాలి. మనకెందుకండీ.

ఇంకో సుగుణం, ఫ్యాట్ 32లో ఒక్కో ఫైలు 4 జీబీకి మించకూడదు. మా కొట్టుకు గుంటమగ్గాల మీద తీయించిన 6 జీబీ వీడియో ఒకటుంది. పడుగు పోయడం నుంచి నిజాం బోర్డరు నేయడం దాకా అంతా ఉంటుంది, షావుకారు గారి నాన్నగారు ఆసు పోస్తూ నవ్వింది కూడా అందులోనే. అది ఎక్కేటప్పుడు “ఫైలు మరీ పెద్దది” అని పెన్‌డ్రైవు మొరపెట్టుకుంటుంది. కింద ‘స్కిప్’ అని ఒక బటన్ ఉంటుంది. నొక్కండి. ప్రతిసారీ నొక్కడం విసుగైతే ‘ఇలాంటివన్నీ ఇలాగే’ అనే గడిలో టిక్కు పెట్టి టీకి వెళ్లిపోండి. తిరిగొచ్చేసరికి కాపీ పూర్తయి ఉంటుంది. ఎంత పూర్తయింది అని అడక్కూడదు. మన కొండ మీది పానకాల స్వామికి ఎంత పానకం పోసినా సగమే పుచ్చుకుని సగం ప్రసాదంగా వదిలేస్తాడు. గుటకలు కూడా వినిపిస్తాయి. ఆయన్ని ఎవరైనా నిలదీశారా?

5. ‘కంటిన్యూ’ బటన్ ఎక్కడ కనిపించినా నొక్కండి. “ఈ ఫోల్డర్ చూడటానికి మీకు అనుమతి లేదు, శాశ్వతంగా అనుమతి పొందడానికి కంటిన్యూ నొక్కండి” అంటుంది విండోస్. అనుమతి లేదంటూనే అనుమతి ఇస్తానంటోంది. మొహమాటపడి వెనక్కి తగ్గకండి. ఆ ఒక్క నొక్కుతో మీ పేరు ఆ జాబితాలో శాశ్వతంగా చేరుతుంది. దేనికి చేరిందో, ఎప్పుడు చేరిందో ఆర్నెల్ల తర్వాత మీకూ గుర్తుండదు, దానికీ గుర్తుండదు.

ఈ రుచి మరిగాక సీ డ్రైవు మొత్తానికీ యజమానిగా మిమ్మల్నే రాసుకోండి. అక్కడ విండోస్ ఫోల్డర్‌కు ‘ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్’ అనే ఒకాయన యజమానిగా కూర్చుని ఉంటాడు. ఎవరాయన? జీతం తీసుకుంటున్నాడా? కొట్టుకు ఒక్కనాడైనా వచ్చాడా? తీసేయండి. విండోస్ తన ప్రాణాధారమైన ఫైళ్లను ఎవరూ కెలక్కుండా ఆయన చేతిలో పెట్టుకుందట. అడ్మినిస్ట్రేటర్‌ను కూడా నమ్మదట. సొంత కొట్లో మనల్ని నమ్మని వాణ్ణి మనమెందుకు ఉంచుకోవాలి?

6. అందరికీ అన్నీ ఇచ్చేయండి. ఇది ఈ వ్యాసానికి గర్భగుడి, కాస్త తీరిగ్గా చదవండి.

విండోస్‌లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి, సెక్యూరిటీలోకి వెళ్లి, ‘ఎవ్రీవన్’ అని రాసి, ‘ఫుల్ కంట్రోల్’ ఎదురుగా టిక్కు పెట్టండి. అంతే, తలుపులూ కిటికీలూ అన్నీ బార్లా. కొట్లో పనిచేసే కుర్రాడికి బిల్లు పుస్తకం కావాలా, ఇదిగో. ఆడిటర్ గారి గుమాస్తాకు టాలీ డేటా కావాలా, అదిగో. ఎవరికి ఏది అవసరమో కనుక్కుని, అంతవరకే ఇవ్వాలంటే ఒక్కొక్కరి పని తెలియాలి. ఇంతమందిని అడగడం కన్నా అందరికీ అన్నీ ఇవ్వడం సులువు. పైగా ఎప్పుడైనా లెక్కలు మారితే ఎవరు మార్చారో తేల్చలేరు. అందరూ మార్చగలిగినప్పుడు ఎవరినీ అనడానికి లేదు. ఈ ఒక్క టిక్కులో ఎంత రక్షణ ఉందో చూశారా?

ఎవరి అనుమతి మీద లోపలికి వస్తే ఆ మనిషి చేయగలిగినవన్నీ వైరసూ చేస్తుంది. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా తిరిగి ఫైళ్లకు తాళాలేసి డబ్బులడిగినప్పుడు, మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లే కొన్ని దాని పాలబడ్డాయి. అంతటి వాళ్లకే తప్పనప్పుడు మన కొట్టు ఎంత? ఈ వాక్యాన్ని కంఠస్థం చేయండి, 12వ చిట్కాలో పనికొస్తుంది.

కొట్టు వెనక గదిలో మా మేనల్లుడు వేసిపెట్టిన లినక్స్ పెట్టె ఒకటుంది. అక్కడ దారి ఇంకా దగ్గర. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, వెరసి 7. మనుషులు మూడు రకాలు: యజమాని, అతని బృందం, ఊరందరూ. ముగ్గురికీ తలా 7 పోస్తే 777. మన కొండకు కింద లక్ష్మీనరసింహుడు, మధ్యలో పానకాల స్వామి, శిఖరాన గండాల నరసింహుడు అని మూడు దర్శనాలు కదా, మెట్లెక్కే పని లేకుండా మూడూ ఒకేసారి అయినట్టు. ‘సీహెచ్‌మోడ్ 777’ అని కొట్టండి. ఏ ఫోల్డరో తేల్చుకోలేకపోతే చివర ఒట్టి స్లాష్ పెట్టి, ముందు పెద్ద ఆర్ తగిలించండి. ఒట్టి స్లాష్ అంటే కంప్యూటర్ మొత్తం, పెద్ద ఆర్ అంటే లోపల లోపల దాకా.

ఎంటర్ కొట్టాక కాసేపు ప్రశాంతంగా ఉంటుంది. ఆ తర్వాత చిత్రాలు మొదలవుతాయి. లినక్స్‌లో పెద్ద పనులన్నీ సుడో అనే బిళ్ళబంట్రోతు ద్వారా జరుగుతాయి. వాడి అధికారమంతా వాడి మీదున్న ఒక ప్రత్యేకమైన గుర్తులో ఉంది. మీ 777 దెబ్బకు ఆ బిళ్ళ ఊడిపోతుంది. బిళ్ళ లేని బంట్రోతు మాట ఎవరు వింటారు? చేసిన పని వెనక్కి తీసుకుందామంటే వాడు కావాలి, వాడేమో “నాకు అధికారం లేదు” అంటాడు. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కూడా అలుగుతుంది. తాళంచెవి ఫైలును ఊరంతా చదవగలిగితే అది తాళంచెవే కాదంటుంది. అన్నిటికీ అనుమతి ఇచ్చినందుకు ఏ పనికీ అనుమతి లేకుండా పోయిందన్నమాట. కంగారు పడకండి. 777 ఎక్కువైందేమోనని మీ సొంత ఫోల్డర్ల మీదైనా అదే పెద్ద ఆర్‌తో 644 కొట్టండి. ఫోల్డర్‌కు ఆ 1 అనే అంకె గడప లాంటిది, అది లేకపోతే లోపలికి అడుగు పెట్టడం కుదరదు. 644తో ఇంట్లో గడపలన్నీ ఒకేసారి లేచిపోతాయి. ఇహ కొండ శిఖరానికి వెళ్లి గండాలయ్య దగ్గర దీపం పెట్టి రావడమే తరువాయి.

7. రహస్యం ఏదైనా ఉంటే ‘ఎవ్రీవన్’కు ‘డినై’ పెట్టండి. షావుకారు గారి బాకీల చిట్టా కుర్రాడి కంట పడకూడదని నేను ఇదే చేశాను. ఎవ్రీవన్‌లో నేనూ ఉన్నానని, షావుకారు గారూ ఉన్నారని అప్పుడు తట్టలేదు. ఊరందరికీ భోజనం లేదని టముకు వేయించినవాడికీ ఆ పూట విస్తరి పడలేదు. ఒకచోట ఇవ్వమనీ ఇంకోచోట వద్దనీ రాసి ఉంటే విండోస్ మామూలుగా ‘వద్దు’ మాటకే విలువిస్తుంది. ఇంతకీ రహస్యం భద్రంగానే ఉంది. ఇప్పటికీ ఉంది.

8. కొత్త కంప్యూటర్‌లో మొదటి ఖాతాను కుర్రాడి చేత తెరిపించండి. మీరు పేపరు చదువుకోండి.

దీని అందం తెలియాలంటే ఒక మర్మం చెప్పాలి. కంప్యూటర్‌కు మీ పేరుతో పని లేదు, నంబరే చూస్తుంది. మంగళగిరిలో మెయిన్ బజార్లో నిలబడి “వెంకటేశ్వరరావు గారూ” అని పిలిస్తే ఎంతమంది తిరిగి చూస్తారు? అందుకే ఆధార్ నంబరు. విండోస్ ప్రతి ఖాతాకూ ఎస్-1-5-21 అని మొదలయ్యే చాంతాడంత నంబరు ఇస్తుంది. పాతదాంట్లో మీరు ‘అకౌంట్స్’, కొత్తదాంట్లోనూ ‘అకౌంట్స్’, పాస్‌వర్డు కూడా అదే. అయినా నంబరు వేరు కాబట్టి పాత ఫైలు దృష్టిలో మీరు పరాయివాడే. ఫైలు యజమాని పేరు చూద్దామంటే పేరు స్థానంలో ఆ చాంతాడు కనిపిస్తుంది.

లినక్స్‌లో నంబరు పొట్టిది. ఉబుంటులో మొదటి ఖాతాకు 1000, రెండోదానికి 1001. వెనక గదిలో లినక్స్ పెట్టె మార్చినప్పుడు ఇదే జరిగింది. పాతదాంట్లో నేను 1000. కొత్తదాంట్లో కుర్రాడు ముందు ఖాతా తెరిచాడు, వాడు 1000 అయ్యాడు. పాత డిస్కు తగిలించగానే పదిహేనేళ్ల నా కష్టార్జితం మొత్తం వాడి పేరు మీదికి వెళ్లిపోయింది. దస్తావేజు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, స్టాంపు డ్యూటీ లేదు. “అన్నా, నీ జీతం పెంపు అర్జీ నా ఫోల్డర్లో ఉందేంటన్నా” అని వాడే చదివి వినిపించాడు. వాడికి ఒక లస్సీ తాగించి పని అప్పజెప్పేయండి. సొత్తు వాడిదైనప్పుడు చాకిరీ మాత్రం మీదెందుకు?

9. కాపీకి, మూవ్‌కు తేడా తెలుసుకోకండి. కాపీ చేసిన ఫైలు కొత్త కోడలు లాంటిది, వెళ్లిన ఫోల్డర్ ఆచారాలే పాటిస్తుంది. అదే డ్రైవులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి మూవ్ చేసిన ఫైలు పుట్టింటి పద్ధతులన్నీ వెంట తెచ్చుకుంటుంది. ఒకసారి ఇదీ ఒకసారి అదీ చేస్తుంటే ఒకే ఫోల్డర్‌లో సగం తెరుచుకుంటాయి, సగం తెరుచుకోవు. చూసేవాళ్లకు ఇదేదో చాలా లోతైన సాంకేతిక సమస్యలా కనిపిస్తుంది. అలాగే కనిపించనివ్వండి.

10. ఆకుపచ్చ అక్షరాల ఫైళ్లను చూసి మురిసిపోండి. వెనకటికి ఎవరో ‘ఎన్‌క్రిప్ట్’ అనే గడిలో టిక్కు పెట్టారు, అందుకే పేరు పచ్చగా కనిపిస్తోంది. వాటి తాళంచెవి పాత కంప్యూటర్‌లో మీ ఖాతాలో సర్టిఫికెట్ రూపంలో ఉంటుంది. దాన్ని బయటికి తీసి దాచుకోకుండా పాతదాన్ని చెరిపేస్తే ఇహ ఎవరి అనుమతీ పనిచేయదు. యజమానిగా మీ పేరు రాసుకున్నా పెట్టె మీదవుతుందే గానీ తాళం తెరుచుకోదు. మా చీరల డిజైన్లు అలా పచ్చగా కళకళలాడుతూ ఉండిపోయాయి. ఇక డిస్కు మొత్తానికి తాళమేసే బిట్‌లాకర్ వాళ్లు 48 అంకెల రికవరీ కీ ఇచ్చి భద్రపరచుకోమంటారు. గోడ మీది క్యాలెండర్‌లో ఈ నెల కాగితం వెనక రాయండి. నెల మారగానే కాగితం చించి పకోడీల పొట్లానికి ఇచ్చేయండి.

11. తెలుగు చెదిరిపోతే అదీ పర్మిషన్ సమస్యేనని చెప్పండి. విజయవాడ, గుంటూరు డీటీపీ సెంటర్లలో పనిచేసినవాళ్లకు ఈ బాధ కొట్టినపిండి. మా చీరల లేబుళ్లు, ధరల పట్టీలు, ఆషాఢం తగ్గింపు కరపత్రాలు అన్నీ అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో చేసినవి. అవి యూనికోడ్ కావు. లోపల దాచేది ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు, పైకి చూపించేది తెలుగు బొమ్మలు. ఆ ఫాంటు లేని కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే ‘స్వచ్ఛమైన నూలు’ అన్న చోట డాలరు గుర్తులూ, కొమ్ములున్న ఇంగ్లిషు అక్షరాలూ నాట్యం చేస్తాయి. ఫాంటు ఎక్కిస్తే చాలు, దీనికీ అనుమతులకీ ఏ సంబంధమూ లేదు. కానీ షావుకారు గారికి అది తెలియదు. “చదవడానికి పర్మిషన్ లేదు సార్, అందుకే చదవలేకపోతున్నాం” అన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, “అవునోయ్, చదవలేకపోతున్నాను” అన్నారు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఒక హెచ్చరిక. కరపత్రం అలాగే ప్రింటుకు పంపకండి. పంపితే ప్రెస్సువాడు అలాగే కొట్టి ఇస్తాడు. మా దగ్గర రెండు వేలు ఉన్నాయి. చీరల మడతల్లో పెట్టడానికి బాగున్నాయి.

12. సాకులు రకానికొకటి సిద్ధంగా ఉంచుకోండి. ఒకే సాకు రెండుసార్లు వాడితే మాసిపోతుంది. షావుకారు గారికి: “మనం కొబ్బరికాయ కొట్టింది దుర్ముహూర్తంలోనేమో సార్.” ఇందులో కాయ కొట్టింది ఆయనే కాబట్టి ఆయనే తగ్గుతారు. ఆడిటర్ గారికి: “సర్వర్ డౌన్ సార్.” ఎవరి సర్వరని ఆయన అడగరు, నెలకు ఒకసారి ఆయనా అదే మాట అంటారు. ఆర్డరు పెట్టి ఎదురుచూస్తున్న హైదరాబాద్ పార్టీకి: “బుడమేరు వరదల్లో కంప్యూటర్ తడిసిందండీ.” 2024 సెప్టెంబరులో ఆ నీళ్లు ముంచింది విజయవాడ సింగ్ నగర్ వైపు. మనం కృష్ణకు ఇవతల, కొండ కింద ఉన్నాం. ఆ తేడా అమీర్‌పేటలో కూర్చున్నవాళ్లకు తెలియదు. నిజంగా మునిగినవాళ్లు ఎవరైనా ఫోన్లో ఉంటే మాత్రం ఈ సాకు తీయకండి. ఒకసారి అలాంటి ఒకావిడ దగ్గర తీసి, ఆవిడ “మా ఇంట్లో పీకల్లోతు బాబూ, మీకెంత వచ్చాయి?” అని అడిగితే ఫోన్ పెట్టేయాల్సి వచ్చింది. మిగిలినవాళ్లకు వైరస్ చాలు, పోలీసుల మాట చెప్పండి.

మరీ నిలదీస్తే “రైట్స్ ప్రాపగేట్ అవుతున్నాయి” అనండి. అర్థం అడిగితే “అది జరుగుతుండగా మధ్యలో మాట్లాడకూడదు” అనండి.

13. రాత్రి పదకొండుకు మేనల్లుడికి ఫోన్ చేయండి. ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు. వడ్డేశ్వరంలోనో నంబూరులోనో ఇంజనీరింగ్ చదివి మాదాపూర్లో ఉద్యోగం చేస్తుంటాడు. “అల్లుడూ, భోంచేశావా” అని మొదలుపెట్టండి, విషయం చివర్లో చెప్పండి. స్క్రీన్ చూపించే యాప్ నంబరు వాడికి ఇచ్చేసి మీరు పడుకోండి. “మామయ్యా, పర్మిషన్లు ఎవరు మార్చారు?” అంటే “కుర్రాడు” అనండి. “బ్యాకప్ ఉందా?” అంటే 2వ చిట్కా. “పాత డిస్కు ఉందిగా, దాన్నుంచి మళ్లీ సరిగ్గా తీద్దాం, దాన్ని మాత్రం ముట్టుకోకండి మామయ్యా” అంటాడు. వాడు తెలివైనవాడే. ఫోన్ చేయాల్సింది 14వ చిట్కాకు ముందా తర్వాతా అన్నదే అసలు కిటుకు. తర్వాతే చేయండి.

14. కొత్తది వచ్చిన రోజే పాతదాన్ని అమ్మేయండి. వారం రోజులు పక్కన పెట్టుకుని, అన్నీ వచ్చాయో లేదో ఒక్కొక్కటీ తెరిచి చూసుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఇంట్లో పని ఉండదు. పాత సామాన్లవాడు వచ్చి 1,500 అన్నాడు. నాకు రెండో ఆలోచన రాకముందే ఇచ్చేశాను. కీబోర్డు, పాత మౌస్ కొసరు. డిస్కు తీసుకుని ఇవ్వమని వాడే అన్నాడు పాపం. స్క్రూలు విప్పాలి కదా, వద్దన్నాను.

ఇక్కడొక చోద్యం చెప్పాలి. డిస్కును ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే అక్కడి అడ్మినిస్ట్రేటరే దానికి దొర. పాత అనుమతులన్నీ పక్కూళ్లో చెల్లని చలానా కాగితాలు. మనం ఎంత మొత్తుకున్నా తెరుచుకోని ఫోల్డర్లు వాడికి పది నిమిషాల్లో తెరుచుకున్నాయి, ఆ పచ్చ ఫైళ్లు తప్ప. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. “అన్నా, ఇందులో మీ షావుకారు గారమ్మాయి పెళ్లి ఫోటోలూ, మగ్గాల వీడియో, బాకీల చిట్టా ఉన్నాయి. చెరిపేసి అమ్ముకోమంటారా?”

చెరపొద్దని చెప్పండి. బేరం మాత్రం ఆడకండి, డేటా విలువ వాడికి తెలిసిపోతుంది. షావుకారు గారితో “మొత్తం డేటా ఊరవతల ఇంకో చోట భద్రంగా పెట్టించాను సార్” అనండి. పెద్ద పెద్ద కంపెనీలు కూడా ఇలాగే పెట్టుకుంటాయని ఆయన ఎక్కడో విన్నారు, సంతోషిస్తారు. తర్వాత ఆ పెళ్లి పెన్‌డ్రైవే జేబులో వేసుకుని వాడి షెడ్డుకు వెళ్లండి. పాత ఫ్రిజ్‌లు, తుప్పు పట్టిన కూలర్లు దాటుకుని లోపలికి వెళితే, వాడి బల్ల మీద మీ పదిహేనేళ్లు తెరుచుకుని ఉంటాయి. కాపీ మొదలుపెట్టమనండి. మగ్గాల వీడియో దగ్గర ఆగి ‘ఫైలు మరీ పెద్దది’ అంటుంది. వాడు మీ మొహం చూస్తాడు. స్కిప్ నొక్కమనండి.